నీలం గౌను బొత్తాలు

సోమవారం నుంచి మా తొమ్మిదో తరగతి గదిలో వేరే దేశం నీళ్ళు నిలిచి ఉన్నాయి.

అవి మోకాళ్ళ దాకా వస్తాయి. పలచటి టీ రంగులో ఉంటాయి. వాటి మీద గడ్డి, ఒక ఎడమకాలి చెప్పు, ఎవరింటిదో చెక్క పీట తేలుతూ బెంచీల మధ్య తిరుగుతాయి. గుమ్మం దగ్గరికి రాగానే నీళ్ళు గోడలా నిటారుగా ఆగిపోతాయి. వరండాలోకి ఒక్క చుక్క కూడా రాదు.

సోషలు చెప్పే పేరయ్య మాస్టారు ప్యాంటు పైకి మడుచుకుని పాఠం చెబుతున్నారు. నీళ్ళ గురించి ఆయన ఒకసారే చెప్పారు. సముద్రం అవతల ఒక బీద దేశంలో తుఫాను వచ్చింది. ఊళ్ళు మునిగాయి. అక్కడి నీళ్ళకు అక్కడ చోటు చాలలేదు కాబట్టి మిగిలినవి బళ్ళకు పంచారు. మన వాటాకు మోకాలి లోతు వచ్చింది. పక్క మండలానికి నడుము దాకా ఇచ్చారట, మనం నయం అన్నారు. ఆ తర్వాత చాక్‌పీసు అందుకుని బోర్డు మీద ఆ దేశం గీశారు. ఆ గీత చివర తడిగా ఉంది.

ఇంటికి వెళ్ళే బెల్లు కొట్టాక అందరూ వరండాలోకి వస్తారు. అడుగు బయట పెట్టగానే వాళ్ళ బట్టలు పొడిగా అయిపోతాయి. నా స్కర్టు మాత్రం తడిగానే ఉంటుంది. ఇల్లు చేరేదాకా నా వెనక రోడ్డు మీద నీటి గీత పడుతూనే ఉంటుంది.

"ఏమే నాంచారీ, బళ్ళో ఇంతమందిమి ఉంటే నీళ్ళు నిన్నొక్కదాన్నే గుర్తుపట్టినయ్యేంటే?" అంటుంది ఏసుమణి. ఏసుమణి ముందు బెంచీలో కూర్చుంటుంది, ఏ మాటా లోపల దాచుకోదు. నేను ఆఖరి బెంచీలో కూర్చుంటాను. నా మాటలన్నీ లోపలే ఉంటాయి.

నన్ను ఎందుకు గుర్తుపట్టాయో నాకు తెలుసు.

పోయిన వారం బడి నుంచి ఆ దేశానికి బట్టలు పంపారు. ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి తెమ్మన్నారు. మా ఇంట్లో దాని మీద పెద్ద చర్చే జరిగింది. నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. మన కప్పే కారుతుంటే ఎక్కడో ఉన్న దేశానికి గొడుగు పట్టాలా అన్నాడు. మనం ఇచ్చింది వాళ్ళ దాకా పోతుందని నమ్మకం ఏంటి, దారిలో ఎన్ని చేతులు ఉంటాయో అన్నాడు. అమ్మ వాదించలేదు. పాత బట్టలన్నీ నేల మీద పోసి రెండు కుప్పలు చేసింది. స్టీలు గిన్నెలకు మార్చుకోవడానికి పనికొచ్చేవి ఒక కుప్ప. గిన్నెల వాడు వద్దనేవి రెండో కుప్ప. రెండో కుప్ప ఆ దేశానికి.

అందులో నా నీలం గౌను ఉంది. అది మంచి గౌనే. పిన్ని బెజవాడ నుంచి తెచ్చింది, నాకు పొట్టయింది. చిన్నపిల్లల బట్టలు గిన్నెల వాడు తీసుకోడు కాబట్టి అది రెండో కుప్పలోకి వచ్చింది. మెడ పట్టీ లోపల పిన్ని ఎర్రదారంతో నా పేరు కుట్టింది. ముందువైపు మెడ నుంచి నడుము దాకా ముత్యపు చిప్పతో చేసిన బొత్తాలు వరసగా ఉండేవి. వెలుతురు పడితే వాటిలో గులాబి రంగు తిరిగేది.

మా ఊళ్ళో ఏ బట్టా బొత్తాలతో గడప దాటదు. మసిగుడ్డ చేసినా, ఎవరికైనా ఇచ్చినా, ముందు బొత్తాలూ హుక్కులూ కోసి డబ్బాలో వేస్తాం. ఆ డబ్బా ప్రతి ఇంట్లో ఉంటుంది. ఇది తప్పని ఎవరూ అనుకోరు. అరువు తెచ్చిన గిన్నె తోమి ఇచ్చినంత మామూలు పని.

గౌను బొత్తాలు నేనే కోశాను. డబ్బాలో వెయ్యలేదు. నా యూనిఫాం చొక్కా ప్లాస్టిక్ బొత్తాలు తీసేసి, కాజాలు పెద్దవి చేసి, వీటిని కుట్టుకున్నాను. మర్నాడు ఏసుమణి వెనక్కి తిరిగి చూసి బాగున్నాయంది. నా ఒంటి మీద ఉన్నదాన్ని ఒకరు బాగుందనడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

మంగళవారం పొద్దున మొదటి బెల్లు కొట్టగానే నా బెంచీ పక్కన నీళ్ళలోంచి ఒక ఇంటి కప్పు పైకి వస్తుంది. తుప్పు పట్టిన రేకుల కప్పు. దాని మీద నా వయసు అమ్మాయి నిలబడి ఉంది. ఎడమ చంకలో చిన్న చెల్లెలు నిద్రపోతోంది. కుడి చెయ్యి గుండె మీద ఉంది. ఆ చేత్తో గౌను ముందు భాగం రెండు అంచులూ కలిపి పట్టుకుని ఉంది.

గౌను నీలం రంగుది.

మాస్టారు హాజరు పిలుస్తారు. నాంచారి అనగానే కప్పు మీంచి "ప్రెజెంట్ సార్" అని వినిపిస్తుంది. మాస్టారు తల ఎత్తకుండా టిక్కు పెడతారు. నేను తెరిచిన నోరు మూసుకుంటాను.

ఆ అమ్మాయి నా వైపు తిరుగుతుంది. మా మాటే మాట్లాడుతుంది. వరదలో ముందు కొట్టుకుపోయేది మాటేనట. ఆ తర్వాత చేతికి ఏ మాట తగిలితే దాన్ని పట్టుకుందట.

"ఆ పేరు నీదా? ఏమనుకోకు," అంటుంది. "నాది మునిగిపోయింది. ఈ గౌనులో ఒకటి ఉంటే వేసుకున్నా."

పర్లేదు అంటాను. గొంతు రాదు. పెదాలే కదులుతాయి.

ఇంటర్వెల్ బెల్లుకు బోర్డులోంచి పడవ వస్తుంది. మాస్టారు గీసిన దేశం చెరిగిపోకుండా దాని మధ్యలోంచి వస్తుంది. పడవవాడు నారింజ రంగు జాకెట్టు వేసుకున్నాడు. పడవ ఆపడు. ఆపితే మునుగుతుందట. బెంచీల మధ్యలోంచి నడిపిస్తూ కప్పు దగ్గరికి రాగానే తాడు విసురుతాడు.

"ఓ చేత్తో పిల్లని పట్టుకో, ఓ చేత్తో తాడు పట్టుకో. అంతే అమ్మా," అంటాడు.

ఆ అమ్మాయి చెల్లెల్ని చూస్తుంది, తాడును చూస్తుంది, గుండె మీది చేతిని చూసుకుంటుంది. "నాకు మూడో పని ఉంది," అంటుంది.

తాడు నీళ్ళలో పడుతుంది. పడవ గది చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ బోర్డులోకి వెళ్ళిపోతుంది. అది వెళ్ళగానే నీళ్ళు ఒక వేలెడు పైకి లేస్తాయి.

అప్పుడు తరగతి అంతా సాయం చెయ్యాలనుకుంటుంది. ఏసుమణి పిల్లని తను ఎత్తుకుంటానంటుంది. బోర్డు లోపలి నుంచి పడవవాడు కేక వేస్తాడు, పిల్లల్ని సొంత మనుషులే ఎత్తుకోవాలని రూలు. ఏసుమణి తన గాజుకు ఉన్న పిన్నీసు తీసి ఇస్తుంది. గౌనుకు తగలగానే పిన్నీసు ఎర్రటి పొడిగా మారి రాలిపోతుంది. అవి ఉప్పునీళ్ళు కదా అని అందరూ ఒప్పుకుంటారు. మాస్టారు మగపిల్లలందర్నీ గోడ వైపు తిరిగి కూర్చోమంటారు. తను కూడా బోర్డు వైపు తిరుగుతారు. ఇంక ఎవరూ చూడరు, చెయ్యి వదిలెయ్యమ్మా అంటారు.

ఆ అమ్మాయి చెయ్యి వదలదు. మాస్టారి వీపుకే జవాబు చెబుతుంది.

"మీరు చూడరు సార్. ఒడ్డున దిగంగానే ఫొటో తీస్తారు. ఆ ఫొటో అన్ని దేశాలకీ పంపుతారు. అప్పుడు మీరు కూడా చూస్తారు."

మాస్టారు బోర్డు వైపు తిరిగే ఉంటారు. ఆయన చెవులు ఎర్రబడతాయి.

నాకు ఆ అమ్మాయి బాగా అర్థమవుతుంది. నేను కూడా వదలను. బళ్ళో జెండా పండగనాడు నా జడ రిబ్బను ఊడిపోతే అది మళ్ళీ కట్టుకోవడానికి చెయ్యి పైకెత్తలేక అలాగే నిలబడిపోయినదాన్ని నేను. అంతమంది ముందు చెయ్యి వదిలెయ్యమంటే నీళ్ళలోనే ఉండిపోతాను.

"గౌను మెత్తగా ఉంది," అంటుంది నాతో. "ఎవరిచ్చారో కానీ మంచి బట్ట ఇచ్చారు. బొత్తాలు దారిలో పడిపోయి ఉంటాయి. సముద్రం అంటే మాటలా?"

నేను తల ఊపుతాను.

"నీ బొత్తాలు బాగున్నయ్," అంటుంది.

నేను స్కూలు బ్యాగు గుండెలకు అడ్డం పెట్టుకుంటాను. ఇంటికి వెళ్ళేదాకా దించను. ఇప్పుడు మా ఇద్దరికీ ఒక్కో చెయ్యి గుండె మీదే ఉంది.

సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర ఉండగా బొత్తాల డబ్బా అడుగుతాను. ఎందుకంటుంది. మనం పంపిన గౌనుకు అంటాను.

"ఇచ్చేసిన బట్టకి ఇంకా బొత్తాలేంటే? ఇచ్చేశాం కదా."

ఇచ్చేశాక కూడా అది అలాగే తెరుచుకుని ఉందమ్మా అంటాను. అమ్మ గరిటె ఆపి నా స్కర్టు కింద పోగవుతున్న నీళ్ళు చూస్తుంది. డబ్బా అటక మీద ఉందంటుంది. నా చొక్కా వైపు మాత్రం చూడదు. ఆ బొత్తాలు ఎక్కడివో అమ్మకు తెలుసు.

డబ్బాలో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా దిగుతుంది. నాన్న చొక్కాలవి, నా చిన్నప్పటి జుబ్బాలవి, చచ్చిపోయిన తాతయ్య చొక్కాలవి. అంచు విరిగినవీ రంగు పోయినవీ ఏరి గుప్పెడు రుమాల్లో కడతాను. బాగున్న ఎర్రవి నాలుగు చేతికి వస్తాయి. వాటిని మళ్ళీ డబ్బాలోనే వదిలేస్తాను. అలా ఎందుకు వదిలేశానో నన్ను ఎవరూ అడగరు. అడగకపోయినా ముఖం వేడెక్కుతుంది.

బుధవారం నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. పుస్తకాలు తల మీద పెట్టుకుని చదువుకుంటున్నాం. నేను బెంచీ ఎక్కి రుమాలు విప్పి చూపిస్తాను. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోతుంది. ఆమెకు కుట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు కాబట్టి నేనే కుడతాను. మెడ దగ్గర ఒకటి కుట్టి కాజాలో పెడతాను. అది అటు నుంచి ఇటు జారి బయటికి వచ్చేస్తుంది. రెండోది కూడా జారుతుంది. చిప్ప బొత్తాలు పెద్దవి, కాజాలు వాటి కొలతకు కోసినవి. అది నాకు ముందే తెలుసు. ఆ కాజాల్లో బొత్తాలు పెట్టుకుని రెండేళ్ళు తిరిగినదాన్ని నేనే.

"ఇవి కూడా మంచివే," అంటుంది ఆ అమ్మాయి. "కొంచెం చిన్నవి. అంతే."

నాకు తిట్టించుకోవాలని ఉంది. ఆమె తిట్టదు.

ఆమె కళ్ళు మళ్ళీ నా చొక్కా మీదికి వస్తాయి, మర్యాదగా పక్కకు తప్పుకుంటాయి. అడగదు. అడిగితే ఇవ్వకపోవడానికి ఏదో ఒక కారణం చెప్పేదాన్ని. రోజూ బడికి ఏం వేసుకోను అనేదాన్ని. మాకున్నది ఒక్కటే యూనిఫాం అనేదాన్ని. అది నిజం కూడా. అడగలేదు కాబట్టి ఆ కారణాలన్నీ నా నోట్లోనే నానుతున్నాయి.

పడవ వస్తుంది. తాడు పడుతుంది. ఎవరూ పట్టుకోరు.

"రేపు ఆఖరు. ఎల్లుండి నుంచి ఈ పడవ వేరే బడికి," అంటాడు పడవవాడు. "అక్కడ కూడా కప్పులున్నయ్."

నిద్రలో ఉన్న చెల్లెలి కాళ్ళు నీళ్ళను తాకుతున్నాయి. ఆ అమ్మాయి చెల్లెల్ని ఇంకాస్త పైకి ఎగదోసుకుంటుంది. ఒక్క చేత్తోనే.

ఇంట్లో ఆ సాయంత్రం నాన్న ఉన్నాడు. వర్షం లేదు. అయినా కప్పు కారుతోంది. కింద పెట్టిన గిన్నెలో టీ రంగు నీళ్ళు పడుతున్నాయి. నేను అడిగేలోపే నాన్న మొదలుపెడతాడు. ఇంకా పంపాలంటే ఇంట్లో ఏం లేదంటాడు. ప్రపంచంలో మునిగేవాళ్ళకు లెక్కే లేదు, అందరికీ మనమే ఇస్తే మనకు మిగిలేదేంటి అంటాడు. నాన్న చెడ్డవాడు కాదు. చెరువు గట్టు మీద చలిలో పడుకునేవాళ్ళకు తన దుప్పటి ఇచ్చి వస్తాడు. కనపడేవాళ్ళకు ఇస్తాడు.

"అసలు మనకి ఎవరైనా ఎప్పుడైనా పంపారా?" అంటాడు ఆఖరికి.

"పంపారు," అంటుంది మామ్మ.

మామ్మ నాన్న తల్లి. మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లేచి, మంచం కింది రేకుపెట్టె లాగి మూత తీస్తుంది. అందులో ఒక కోటు ఉంది. బూడిదరంగు ఉన్ని కోటు, మోకాళ్ళ కిందికి వచ్చేంత పొడవు. అది పెట్టెలో వెల్లకిలా పడుకుని ఉంది. కుడి చెయ్యి మడిచి గుండె మీద పెట్టుకుని ఉంది.

"ఉప్పెన పోయాక మూటలొచ్చినయ్," అంటుంది మామ్మ. "ఏ దేశమో, నాకు తెలవదు. మంచు పడే దేశం. నా వంతుకి ఇదొచ్చింది. ఒంటి మీద వేరే గుడ్డ లేదు. ఎండాకాలం దాకా ఇదే తొడుక్కుని నీళ్ళు మోశా. జనం నవ్వారు. నేనూ నవ్వా."

దీనికి బొత్తాలున్నాయా అని అడుగుతాను.

"అన్నీ ఉన్నయ్యే. ఆ మహాతల్లి ఒక్కటి కూడా కొయ్యలా."

మరి ఇప్పుడు లేవేం అంటాను. మామ్మ కోటు చేతిని పట్టుకుని పక్కకు చాపుతుంది. వదలగానే అది మెల్లగా మడుచుకుని మళ్ళీ గుండె మీదికి వస్తుంది. ఇన్నేళ్ళూ ఇలాగే చేస్తోందట. తియ్యమని చెప్పీ చెప్పీ మామ్మే మానేసిందట.

"చీర దొరికినాక నేనే కోసుకున్నా," అంటుంది మామ్మ. "మన డబ్బా మొదలెట్టింది ఆ బొత్తాలతోటే."

నాన్న కప్పు వైపు చూస్తాడు. గిన్నె నిండింది. లేచి వెళ్ళి పారబోసి వచ్చి మళ్ళీ పెడతాడు. ఆ తర్వాత అందరం అన్నాలకు కూర్చుంటాం. పెట్టె మూత తీసే ఉంది. కోటు మమ్మల్ని చూడకుండా ఉండటానికి కాలరు అటు తిప్పుకుంది.

గురువారం నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. మాస్టారు కుర్చీ మీద నిలబడి పాఠం చెబుతున్నారు. రేకుల కప్పు ఇంచుమించు మునిగిపోయింది. ఆ అమ్మాయి మునివేళ్ళ మీద నిలబడి ఉంది.

నేను నీళ్ళ మీద తేలుతున్న నా బెంచీ ఎక్కి కంపాసు పెట్టెలోంచి బ్లేడు తీస్తాను. మొదటి బొత్తాం మెడ దగ్గరిది. దారం నేనే గట్టిగా కుట్టాను, వేరేవాళ్ళవి నా ఒంటి మీంచి ఊడిపోకూడదని. అది తెగడానికి చాలాసేపు పడుతుంది. రెండోది కోస్తాను. మూడోది కోసేసరికి ఎడమ చెయ్యి దానంతటదే గుండె మీదికి వచ్చి చొక్కా అంచులు రెండూ పట్టుకుంటుంది. మిగతావి ఒక్క చేత్తోనే కోస్తాను. మాస్టారు చెప్పకుండానే మగపిల్లలు గోడ వైపు తిరుగుతారు. ఏసుమణి తిరగదు. నా ముందుకు వచ్చి, నాకు అడ్డంగా నిలబడుతుంది. ఈసారి ఏమీ అనదు.

ఇప్పుడు నా దగ్గర బొత్తాలున్నాయి, సూది ఉంది, ఒక చెయ్యి ఉంది. ఒక చేత్తో సూదిలో దారం ఎక్కించలేను. ఆ అమ్మాయి చెల్లెల్ని నా బెంచీ మీద పడుకోబెడుతుంది. నిద్రలో ఆ పాప తల నా పాదం మీద ఆనుతుంది. ఎత్తుకోకూడదు కానీ తలగడ కావచ్చు, దానికి రూలు లేదు. ఆ అమ్మాయి సూది పట్టుకుంటుంది, నేను దారం ఎక్కిస్తాను. నేను బొత్తాన్ని బట్ట మీద ఆనిస్తాను, ఆమె సూది దించుతుంది. నేను లాగుతాను. ఇద్దరివీ తలా ఒక చెయ్యి. అవతలి చేతులు రెండూ ఎవరి గుండె మీద వాళ్ళవి. ఇద్దరం ఒకే మనిషిలా కుడుతున్నాం.

మొదటి బొత్తాం కాజాలో సరిగ్గా కూర్చుంటుంది. ఆమె దాన్ని బొటనవేలితో నిమురుతుంది. వెలుతురులో గులాబి రంగు తిరుగుతుంది. ఆమె వేలు ఆగిపోతుంది.

"ఇవి దీనివే," అంటుంది.

నేను తర్వాతి బొత్తాం అందిస్తాను.

"అయితే సముద్రంలో పడలేదు."

"లేదు," అంటాను.

ఈ వారంలో బళ్ళో నా గొంతు బయటికి రావడం అదే మొదలు. ఆ ఒక్క మాట గది అంతా వినిపిస్తుంది. గోడ వైపు తిరిగిన వీపులన్నీ వింటాయి. నేను నీళ్ళలోకి చూస్తాను. నీళ్ళలో నా ముఖం లేదు, చొక్కా ఉంది, దాన్ని పట్టుకున్న చెయ్యి ఉంది.

ఆమె కోప్పడుతుందని ఎదురుచూస్తాను. ఆమె సూది దించుతుంది, నేను లాగుతాను. ఆఖరి బొత్తాం దాకా మళ్ళీ మాట్లాడదు. ఒక్క కుట్టూ తప్పదు. అంత శ్రద్ధగా కుట్టడం చూస్తుంటే నాకు ఆమె అరిస్తేనే బాగుండనిపిస్తుంది.

అన్నీ అయ్యాక ఆమె దారం పళ్ళతో తెంపుతుంది. గుండె మీది చెయ్యి మెల్లగా తీసి చూస్తుంది. గౌను తెరుచుకోదు. ఆ చేతిని ముందుకు చాపి వేళ్ళు ముడిచి విప్పి చూసుకుంటుంది. తర్వాత మెడ వెనక పట్టీ తిరగేసి, సూది మొనతో ఏదో విప్పడం మొదలుపెడుతుంది. చివరికి ఎర్రదారం పోగు ఒకటి నా అరచేతిలో పెడుతుంది. నా పేరు ఉన్నంత పొడవుంది.

"ఇది నీదే," అంటుంది. "మాకు గౌను చాలు."

ఇంటర్వెల్ బెల్లు కొడుతుంది. బోర్డులోంచి పడవ వస్తుంది. ఆమె చెల్లెల్ని ఒక చంకకు ఎత్తుకుంటుంది, ఇంకో చేత్తో తాడు పట్టుకుంటుంది. ఎంత తేలిగ్గా ఎక్కుతుందంటే, ఇన్నాళ్ళూ ఎందుకు ఎక్కలేదా అని కొత్తగా చూసేవాళ్ళు అనుకుంటారు. పడవవాడు నారింజ జాకెట్టు తీసి పాప మీద కప్పుతాడు. ఆమె వెనక్కి తిరిగి చూడదు. చూడాల్సిన పని కూడా లేదు. పడవ ఆ దేశం బొమ్మలోకి వెళ్ళిపోతుంది. నీళ్ళు దాని వెనకే బోర్డులోకి పోతాయి. పీట పోతుంది, ఎడమకాలి చెప్పు పోతుంది.

గది పొడిగా ఉంది. బెంచీల కింద దుమ్ము కూడా ఉంది. మాస్టారు కుర్చీ దిగి, ఎక్కడ ఆపామో అక్కడి నుంచి చదవమంటారు. ముందు మళ్ళీ హాజరు పిలుస్తారు. నాంచారి అంటారు. నా ఒక చెయ్యి చొక్కా పట్టుకుని ఉంది, ఇంకో చెయ్యి పేరు పట్టుకుని ఉంది. ఎత్తడానికి చెయ్యి లేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని గది అంతా వెతికి, ఆ అమ్మాయి వెళ్ళిపోయినట్టుందే అని సున్నా చుడతారు.

స్కర్టు ఇంకా తడిగానే ఉంది. బొత్తాలు ఇచ్చేస్తే ఆరుతుందనుకున్నాను. అది ఆరడానికే ఇచ్చానేమో అని ఒక ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన వచ్చిన కొద్దీ ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

సాయంత్రం గేటు దగ్గర మామ్మ కోటు నిలబడి ఉంది.

లోపల ఎవరూ లేరు. కాలరు ఉన్న ఎత్తులో గాలి ఉంది. కుడి చెయ్యి గుండె మీద ఉంది. ఎడమ చెయ్యి నా వైపు చాపి ఉంది. పిల్లలు దాని పక్కనుంచి నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ఏసుమణి ఒక్క క్షణం ఆగి, "మీ చుట్టాలొచ్చారే," అని వెళుతుంది.

నేను దగ్గరికి వెళతాను. కోటు తన కుడి చేతిని గుండె మీంచి తీస్తుంది. మామ్మ ఇన్నేళ్ళు చెప్పినా తియ్యనిది ఇప్పుడు తీస్తుంది. రెండు అంచులూ పక్కకు తెరిచి లోపలి అస్తరు చూపిస్తుంది. అస్తరుకు నడుము దగ్గర, ఎవరికీ కనపడని చోట, ఒక పెద్ద నల్ల బొత్తాం కుట్టి ఉంది. పైవాటిలో ఏదైనా ఊడిపోతే పనికొస్తుందని ఎవరో ముందే ఆలోచించి కుట్టిన బొత్తాం. మామ్మ దాన్ని చూడలేదు. మామ్మ కోసినవి పైవి మాత్రమే.

నేను దాన్ని తెంపబోతే నా వేలు తగలగానే అదే ఊడి చేతిలోకి వస్తుంది. వెచ్చగా ఉంది.

బొత్తాం ఒకటే. తెరుచుకున్నవి రెండు. కోటూ నేనూ ఎదురెదురుగా నిలబడి కాసేపు దాన్ని గురించి ఆలోచిస్తాం. తర్వాత నేను గుప్పిట విప్పుతాను. ఎర్రదారం ఉంది. కోటు చేతి మడతలో సూది ఉంది. నేను దారం ఎక్కిస్తాను, కోటు సూది దించుతుంది, నేను లాగుతాను. నా చొక్కా అంచూ కోటు అంచూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకే బొత్తాంతో, నా పేరు దారం అయిపోయేదాకా కుడతాం.

ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక్కసారే మూసుకుని ఉన్నాం. నడిస్తే కలిసే నడవాలి. కోటు ఇంటి వైపు తిరగదు. సముద్రం వైపు తిరుగుతుంది. నా స్కర్టు నీళ్ళు మా ముందు సన్నటి కాలువలా దారి చూపిస్తూ పోతున్నాయి.

ఇసుక మీదికి వచ్చేసరికి సముద్రం నిండా ఇళ్ళ కప్పులు ఉన్నాయి. అన్ని కప్పుల మీదా ఖాళీ బట్టలు నిలబడి ఉన్నాయి. చొక్కాలు, జాకెట్లు, గౌన్లు, స్వెట్టర్లు. అన్నీ ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, మా ఊరి వైపే చూస్తున్నాయి. మా ఇళ్ళలో డబ్బాలు గలగలమంటున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

కోటు నీళ్ళలోకి అడుగు వేస్తుంది. నేనూ వేస్తాను. నా రెండు చేతులూ ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.